బిగ్ 12 బాస్కెట్‌బాల్ 2025-26: స్పెక్ షీట్‌లో బీవైయూ అదిరింది, నా ఓటు మాత్రం హ్యూస్టన్‌కే

ఫోన్ లాంచ్‌కి నెల ముందే లీకులు వచ్చేస్తాయి. చిప్‌సెట్ పేరు, ర్యామ్, బ్యాటరీ అంకె చూసి "ఈ ఏడాది ఫ్లాగ్‌షిప్ కింగ్ ఇదే" అని మనం తీర్పు ఇచ్చేస్తాం. చేతిలోకి వచ్చాక గేమ్ ఆడితే పది నిమిషాలకే ఫోన్ వేడెక్కి ఫ్రేమ్ రేట్ పడిపోతుంది. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఇప్పుడు సరిగ్గా ఆ లీకుల సీజనే నడుస్తోంది. ఆట మొదలయ్యేది నవంబరు 3న. కానీ ఎవరు గెలుస్తారో చెప్పే టేబుళ్లు మాత్రం వేసవి నుంచే తిరుగుతున్నాయి.

నేను ఇక్కడ మాట్లాడేది బిగ్ 12 కాన్ఫరెన్స్ గురించి. పేరులో 12 ఉంది కదా అని లెక్కపెట్టకండి, జట్లు 16. (బిగ్ టెన్‌లో 18 ఉన్నాయి. వెర్షన్ నంబర్లు పెట్టడంలో ఫోన్ కంపెనీలే నయం.) హ్యూస్టన్, అరిజోనా స్టేట్, సిన్సినాటి లాంటి చోట్ల ఎంఎస్ చేస్తున్న మనవాళ్లు మీ వాట్సాప్‌లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల యూనివర్సిటీలన్నీ ఈ కాన్ఫరెన్స్‌లోవే.

ముందు ఒక పాత బెంచ్‌మార్క్ చూద్దాం. 2024-25 సీజన్ మొదలయ్యేటప్పుడు ఏపీ పోల్‌లో దేశం మొత్తం మీద నంబర్ 1 ఎవరో తెలుసా? కాన్సాస్. కాగితం మీద అన్నీ ఉన్నాయి: అనుభవమున్న సెంటర్ హంటర్ డికిన్సన్, హాల్ ఆఫ్ ఫేమ్ కోచ్ బిల్ సెల్ఫ్, బయటి నుంచి తెచ్చుకున్న షూటర్లు. సీజన్ ముగిసేసరికి 21 గెలుపులు, 13 ఓటములు. కాన్ఫరెన్స్‌లో ఆరో స్థానం. ఎన్‌సీఏఏ టోర్నమెంట్ మొదటి రౌండ్‌లోనే అర్కాన్సా చేతిలో 79-72తో ఇంటికి. ఆ జట్టులో విడివిడిగా చూస్తే ఏ పార్టూ చెడ్డది కాదు. అన్నీ కలిపి బిగిస్తే మాత్రం పనిచేయలేదు.

అలాగని అంకెల్ని కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. కెన్‌పామ్ అనే రేటింగ్ సైట్ పేరు మీరు వినే ఉంటారు. దాన్ని నడిపే కెన్ పొమెరాయ్ ఒకప్పుడు వాతావరణ శాఖలో పనిచేసిన మనిషి. అంచనా అంటే శాతాల్లో చెప్పాల్సిన విషయమని ఆయనకు ఒకరు నేర్పక్కర్లేదు. పద్ధతి సింపుల్: ఒక జట్టు 100 పొజెషన్లకు, అంటే బంతి 100 సార్లు చేతికొస్తే, ఎన్ని పాయింట్లు చేస్తుంది, ఎన్ని ఇస్తుంది అని చూస్తాడు. ఆడింది ఎవరి మీదో బట్టి ఆ అంకెను సరిచేస్తాడు. సీజన్ మధ్యలో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చిక్కంతా సీజన్‌కి ముందే. అప్పటికి కొలవడానికి మ్యాచ్‌లు ఉండవు కాబట్టి మోడల్ మూడు విషయాల మీద ఆధారపడాలి: పాత ఆటగాళ్లలో ఎవరు మిగిలారు, స్కూల్ నుంచి వచ్చే కుర్రాళ్ల ర్యాంకు ఎంత, వేరే కాలేజీ నుంచి వచ్చినవాళ్లు అక్కడ ఎలా ఆడారు.

ఈ మూడో విషయమే ఇప్పుడు మోడళ్లకు తలనొప్పి. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2024 నుంచి ఎన్నిసార్లు కాలేజీ మారినా ఒక ఏడాది కూర్చోవాల్సిన పని లేదు. ఫలితంగా ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనేది ఫ్లాష్ సేల్‌లా తయారైంది. బేలర్ సంగతే చూడండి. 2021లో దేశ చాంపియన్. ఇప్పుడు గత సీజన్‌లో ఆడినవాళ్లు దాదాపు ఒక్కరూ మిగల్లేదు. చిన్న కాన్ఫరెన్స్‌లో మ్యాచ్‌కి 18 పాయింట్లు చేసిన కుర్రాడు, హ్యూస్టన్ డిఫెన్స్ ముందు ఎన్ని చేస్తాడు? ఏ ఫార్ములా అయినా ఇక్కడ సగటు చెప్పగలదు, అంతే. ఒక్కొక్కరి విషయంలో ఆ సగటు ఘోరంగా తప్పుతుంది.

అందుకే నేను చూసే మొదటి కాలమ్, మిగిలింది ఎవరు అన్నదే.

హ్యూస్టన్ బిగ్ 12లోకి వచ్చి రెండేళ్లే అయింది. రెండుసార్లూ రెగ్యులర్ సీజన్ టైటిల్ వాళ్లదే. గత ఏడాది 20 కాన్ఫరెన్స్ మ్యాచ్‌ల్లో 19 గెలిచారు. ఏప్రిల్ 7న ఫైనల్‌లో ఫ్లోరిడా మీద సెకండ్ హాఫ్‌లో 12 పాయింట్ల ఆధిక్యం ఉండి కూడా 65-63తో ఓడిపోయారు. చివరి పొజెషన్‌లో ఇమాన్యుయెల్ షార్ప్ షాట్ వేయబోయి, డిఫెండర్ ఎగిరి రావడంతో బంతి వదిలేశాడు. మళ్లీ ముట్టుకుంటే రూల్ ప్రకారం వయొలేషన్, అందుకే అది దొర్లుతుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చింది. ఆ షార్ప్ మళ్లీ వస్తున్నాడు. పాయింట్ గార్డ్ మిలోస్ ఉజాన్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి పేరిచ్చి వెనక్కి తీసుకున్నాడు. లోపల కాపలాకి జోసెఫ్ టగ్లర్ ఉన్నాడు. ఎల్‌జే క్రయర్, జేవాన్ రాబర్ట్స్ వెళ్లిపోయారు, ఆ లోటు చిన్నదేం కాదు. కానీ కోచ్ కెల్విన్ శాంప్సన్ ఈసారి క్రిస్ సెనాక్, కింగ్‌స్టన్ ఫ్లెమింగ్స్, ఐజయా హార్‌వెల్ లాంటి టాప్ ర్యాంకు కుర్రాళ్లను తెచ్చుకున్నాడు. 70 ఏళ్ల మనిషి, డిఫెన్స్ సరిగా ఆడకపోతే ఎవరినైనా బెంచ్ మీద కూర్చోబెడతాడు. అదే సాఫ్ట్‌వేర్, కొత్త ప్రాసెసర్. నాకు ఈ జట్టు మొదటి స్థానంలోనే కనిపిస్తోంది.

ఇక హైప్ అంతా బీవైయూ మీద ఉంది, కారణం ఏజే డిబాన్సా. వయసు 18, దేశంలో ఈ బ్యాచ్‌లో నంబర్ 1 అని చాలామంది ఒప్పుకునే కుర్రాడు. బేలర్ నుంచి గార్డ్ రాబర్ట్ రైట్ వచ్చాడు, పాత స్టార్ రిచీ సాండర్స్ ఆగిపోయాడు. కోచ్ కెవిన్ యంగ్ ఫీనిక్స్ సన్స్‌లో పనిచేసి వచ్చినవాడు. ఎటాక్ చూడ్డానికి రెండు కళ్లూ చాలవు, ఒప్పుకుంటాను. కానీ మార్చిలో ఇదే కోచ్ జట్టు అలబామా మీద ఏం చేసిందో గుర్తుందా? 113 పాయింట్లు ఇచ్చింది, అందులో 25 త్రీ పాయింటర్లు. డిఫెన్స్ బాగుపడిందని చూపించే ఆధారం నాకు ఈ రోస్టర్‌లో ఒక్కటీ దొరకలేదు. డిస్‌ప్లే చూసి కొనేసి తర్వాత బ్యాటరీ గురించి ఏడ్చే రకం ఫోన్ ఇది. నాలుగో స్థానం ఇస్తాను, తిట్టుకోండి.

రెండు, మూడు స్థానాలకు టెక్సాస్ టెక్, అరిజోనా. టెక్ దగ్గర గత ఏడాది కాన్ఫరెన్స్ ఉత్తమ ఆటగాడు జేటీ టాపిన్ ఉన్నాడు. అతన్ని ఆపుకోవడానికి సుమారు 4 మిలియన్ డాలర్లు ఇచ్చారని వార్తలొచ్చాయి. క్రిస్టియన్ ఆండర్సన్ కూడా ఉండిపోయాడు. ఈ జట్టు మార్చిలో ఫ్లోరిడా మీద చివరి మూడు నిమిషాల దగ్గర తొమ్మిది పాయింట్ల లీడ్‌లో ఉండి ఓడింది, అంటే ఫైనల్ ఫోర్‌కి అంత దగ్గరగా వెళ్లింది. అరిజోనాలో జేడెన్ బ్రాడ్లీ, టోబే అవాకా పాతవాళ్లు. గత సీజన్ చాలా భాగం గాయంతో బయటున్న లిథువేనియా సెంటర్ మోటియెయుస్ క్రివాస్ తిరిగొస్తున్నాడు. ఆపైన కొత్తగా కోవా పీట్. కేలబ్ లవ్ వెళ్లిపోవడం నష్టమని అందరూ అంటున్నారు. నాకైతే అది లాభమే అనిపిస్తోంది, ఎందుకంటే అతను వృథా చేసిన షాట్లు ఇప్పుడు మిగతావాళ్లకు పంచొచ్చు.

అయోవా స్టేట్ ఐదు. లిప్సీ, జెఫర్సన్, మామ్‌చిలోవిచ్ ముగ్గురూ ఉన్నారు కాబట్టి కింద పడరు. కాన్సాస్ ఆరు. డారిన్ పీటర్సన్ అద్భుతమే, పక్కన ఎవరున్నారన్నదే ప్రశ్న.

మోడళ్లు సరే, మనుషులు ఎక్కువగా మర్చిపోయేది షెడ్యూల్. గత ఏడాది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు 20, ఈసారి 18. ప్రత్యర్థులు 15 మంది. అంటే ముగ్గురితో రెండేసి సార్లు, 12 మందితో ఒక్కోసారి. ఆ ముగ్గురు ఎవరన్నది, ఆ ఒక్కసారి ఎక్కడన్నది ప్రాణం. సొంత కోర్టు విలువ మ్యాచ్‌కి సుమారు మూడు పాయింట్లు. ఏమ్స్‌లోనో, లారెన్స్‌లోనో అయితే అంతకన్నా ఎక్కువే అనిపిస్తుంది. ప్రోవో, బౌల్డర్ ఎత్తైన ప్రాంతాలు, ఊపిరే అందదు. సమాన బలం ఉన్న రెండు జట్ల మధ్య తేడా ఒక మ్యాచో రెండు మ్యాచ్‌లో అయినప్పుడు, టైటిల్‌ని క్యాలెండరే తేల్చేయొచ్చు. రెండో స్థానం, ఐదో స్థానం మధ్య నేను పెద్ద గోడ కట్టకపోవడానికి కారణం ఇదే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. జూన్‌లో హౌస్ సెటిల్‌మెంట్‌కి కోర్టు ఆమోదం వచ్చింది. జులై 1 నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించొచ్చు, ఈ ఏడాది ఒక్కో యూనివర్సిటీకి అన్ని ఆటలకూ కలిపి పరిమితి సుమారు 20.5 మిలియన్ డాలర్లు. ఆటగాళ్లకు డబ్బు రావడం న్యాయమే, దశాబ్దాల పాటు వాళ్ల ఆట మీద మిగతా అందరూ సంపాదించారు. కానీ ఇందులో మనకు బాగా తెలిసిన చిక్కు ఒకటుంది. విదేశాల నుంచి వచ్చిన ఆటగాళ్లు చాలామంది ఎఫ్-1 వీసా మీదే ఉంటారు. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, బయట పనికి విడిగా అనుమతి కావాలి. గ్యాస్ స్టేషన్‌లో చేసినా, షూ యాడ్‌లో నటించినా చట్టం దృష్టిలో అది పనే. 2022లో కెంటకీ స్టార్ ఆస్కార్ షీబ్వే జట్టుతో బహామాస్ టూర్‌కి వెళ్లినప్పుడు తన యాడ్ పనులు అక్కడ పెట్టుకున్నాడు, అమెరికా గడ్డ మీద చేస్తే వీసాకి ముప్పు కాబట్టి. పక్క లాకర్‌లోని అమెరికన్ కుర్రాడు మిలియన్లు తీసుకుంటుంటే, అదే ప్రాక్టీస్ చేసే సెనెగల్ కుర్రాడు లాయర్ ఫోన్ కోసం ఎదురు చూస్తుంటాడు. ఏ ప్రివ్యూ టేబుల్‌లోనూ దీనికి కాలమ్ లేదు. సీజన్ మధ్యలో ఎవరు ఉంటారు, ఏప్రిల్‌లో ఎవరు పోర్టల్‌లోకి దూకుతారు అన్నదాన్ని ఇది కచ్చితంగా కదిలిస్తుంది.

కింది వరుస గురించి క్లుప్తంగా. వెస్ట్ వర్జీనియా, యూటా రెండూ కొత్త కోచ్‌లతో మొదలుపెడుతున్నాయి, కాబట్టి ఈ ఏడాది వాటిని బీటా వెర్షన్‌గానే చూడాలి. అరిజోనా స్టేట్‌లో బాబీ హర్లీ కాంట్రాక్ట్‌కి ఇది ఆఖరి ఏడాది, రోస్టర్ దాదాపు మొత్తం కొత్తది. నా లిస్టులో 13. టెంపీలో ఉన్న ఫ్రెండ్స్ ఇప్పటికే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటారని తెలుసు. తీసుకోండి, పర్లేదు. టికెట్ మాత్రం హ్యూస్టన్ అక్కడికి వచ్చే రోజుకి చూసుకోండి, ఉంటే.