పన్ను విరిగిన చక్రము

కారు కొన్నవాడు కారును కొన్నాడా, లేక దానిని తయారుచేసినవాని దయను కొన్నాడా యని మేమడుగుచున్నాము. అమెరికాలో జనరల్ మోటార్సువారు 1997 మొదలు 2004 వఱకు అమ్మిన కార్వెట్ స్పోర్ట్సు కార్లను చూడుడు. వాని ముందు దీపములు వెలుగనపుడు రెప్పవాల్చియుండి, మోటారుచేత పైకి లేచును. పెక్కు బండ్లలో ఆ మోటారులోని ప్లాస్టిక్ పళ్ల చక్రము కాలక్రమమున అరిగిపోవును. అంతట మోటారు గిఱ్ఱున తిరుగునుగాని దీపము లేవదు. బయటి చిన్న తయారీదారులు చేసిన ఇత్తడి చక్రమును అమర్చినచో మరల లేచును. చెడినది చక్రమేగాని మోటారు కాదు. అట్టిచో మోటారంతయు మార్చుకొమ్మనుట పంటినొప్పికి తల మార్చుకొమ్మనుటయే!

పాత బండ్లకు భాగములు చేసిన గిట్టుబాటు కాదని తయారీదారులు వాదింతురు. ఈ వాదము నిలువదు. పోర్షేవారి 959 కార్లు 292 మాత్రమే. ఐనను దాని క్లచ్చి మీట నొకదానిని, ఉక్కుపొడిని లేజరుతో కరగించి పొరపొరగా పేర్చి చేయుచున్నామని ఆ సంస్థయే 2018లో చాటెను. మూసలతో పనిలేదు, ఎన్ని కావలెనో అన్నియే చేయవచ్చును. 292 బండ్లకు సాధ్యమైన పని లక్షలకొలది బండ్లకు సాధ్యము కాదందురా?

మసాచుసెట్సు రాష్ట్రమున 2012లో చేసిన శాసనము మరమ్మతు సమాచారమును యజమానికిని, బయటి మేస్త్రీకిని ఈయవలెనని విధించెను. మేలే. కాని చక్రము దొరకనిచో సమాచార మేమి చేయును? చిన్న భాగములను విడిగా అమ్ముడు. అమ్మజాలరా, వాని కొలతల పటములను లోకమునకిండు. సొమ్ము పుచ్చుకొన్న పిమ్మటను తాళము తమయొద్దనే యుంచుకొనుట వర్తకము కాదు, పెత్తనము.