రోజుకు ఇరవై పదాలు ఎవరి కోసం?

రోజుకు ఇరవై ‘అడ్వాన్స్‌డ్’ ఇంగ్లిష్ పదాలు, పక్కన తలా ఒక తెలుగు అర్థం. టెలిగ్రామ్‌లో ఆ పీడీఎఫ్ మీకూ వచ్చే ఉంటుంది. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లలో ఇంగ్లిష్ అంటే ఉండే భయాన్ని సొమ్ము చేసుకునే సరుకు అది. నా మాట వింటే ఈరోజే డిలీట్ చేయండి.

2017లో శశి థరూర్ ఒక ట్వీట్‌లో ‘ఫరాగో’ అన్నారు. జనం నిఘంటువులు తిరగేశారు. సరే, ఆయనకు చెల్లింది. మీ పేపర్ దిద్దేవారికి అంత తీరిక ఉండదు. సివిల్స్ మెయిన్స్‌లో తప్పనిసరి ఇంగ్లిష్ పేపర్ 300 మార్కులది. 75 వస్తే గట్టెక్కినట్టే, అవి ర్యాంకులో కలవవు. అందులో ప్రెసీ అంటే ఇచ్చిన భాగాన్ని సొంత మాటల్లో మూడో వంతుకు కుదించడం. బరువైన పదాలతో అక్కడ పనేమిటి? ఎస్సే, జీఎస్ పేపర్లయితే తెలుగులోనే రాయొచ్చు.

ఎస్‌ఎస్‌సీలో సినానిమ్స్ అడుగుతారు కదా అంటారా? అడుగుతారు. పాత ప్రశ్నపత్రాల్లో వచ్చినవి చదువుకోండి, దానికి నేను అడ్డు చెప్పను.

అసలు దెబ్బ కొట్టేది తెలుసనుకున్న పదమే. ‘శాంక్షన్’ చూడండి. లోన్ శాంక్షన్ అయిందని మన ఊళ్లో అందరూ అంటారు, అంటే మంజూరు. అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్‌లో శాంక్షన్ అంటే ప్రభుత్వోద్యోగిని ప్రాసిక్యూట్ చేయడానికి కావలసిన ముందస్తు అనుమతి. ఇరాన్ మీద అమెరికా శాంక్షన్లు అంటే ఆంక్షలు. ఒకచోట సరే అనడం, ఇంకోచోట శిక్షించడం. ఒక్క అర్థంతో బట్టీపట్టినవాడు ఏం చేస్తాడు?

‘ప్రొరోగ్’, ‘డిజాల్వ్’ కూడా అంతే. రెండింటికీ సభ ముగిసిందనే రాసుకుంటారు. ప్రొరోగ్ అయితే బిల్లు మురిగిపోదు. లోక్‌సభ డిజాల్వ్ అయితే అక్కడ పెండింగ్‌లో ఉన్న బిల్లు పోతుంది. రెండూ 107వ అధికరణంలోనే ఉన్నాయి. ప్రిలిమ్స్ ప్రశ్న పుట్టేది ఆ సందులోంచే.

ఇక 21వ అధికరణం. ‘డ్యూ ప్రాసెస్’ వద్దనుకుని ‘ప్రొసీజర్ ఎస్టాబ్లిష్డ్ బై లా’ అని రాశారు. ఇంటర్ పిల్లాడికి తెలియని మాట ఒక్కటీ లేదు. 1950లో, విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్న ఏ.కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటల్ని ఉన్నదున్నట్టు చదివి పిటిషన్ కొట్టేసింది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ ప్రొసీజర్ న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలంది. అధికరణంలో అక్షరం మారలేదు. మీ పీడీఎఫ్‌లో ‘ప్రొసీజర్’ ఉందా? ఉండదు, అది ‘అడ్వాన్స్‌డ్’ కాదట!

రోజుకు మూడు పదాలు చాలు. ఎడిటోరియల్ చదువుతూ వాక్యంతో సహా రాసుకోండి. అదే పదం వేరే అర్థంలో తగిలితే వెనక్కి వెళ్లి ఆ పేజీలోనే చేర్చండి. ‘మిటిగేషన్’, ‘అడాప్టేషన్’తో మొదలుపెట్టండి. వాతావరణ మార్పు మీద జవాబుల్లో ఈ రెండింటినీ కలిపేసేవాళ్లే ఎక్కువ. ఉద్గారాలు తగ్గించడం మొదటిది, వచ్చిపడిన వేడికీ వరదకీ తట్టుకునేలా సర్దుకోవడం రెండోది.