ముక్కునుగూర్చి కొన్ని మాటలు

మన వాడుకలో ముక్కునకు గల ప్రతిష్ఠ యింతంత కాదు. ఆశ్చర్యము కలిగిన ముక్కుమీద వేలు వేసికొందుము. కపట మెరుగనివానిని ముక్కుసూటివా డందుము. అట్టి ముక్కునకు వ్యాధి వచ్చినపుడు మాత్రము, అందును ఇల్లాలికి వచ్చినపుడు, జలుబే కదా యని యేండ్లు గడపుదుము.

మన విశాఖపట్టణమున రేవులో బొగ్గు దిగుచుండును, ఇనుపరాయి యెగుమతి యగుచుండును. రేవు చేరువ పేటలలో గచ్చు తుడిచిన గుడ్డ నల్లబడుట గృహిణు లెరిగినదే. ధూళి సరిపడనివారికి ముక్కులోని పొర వాచి దారి మూసికొనును. దీనికి మందే ప్రధానము. అయితే వెంటనే ముక్కు తెరచు చుక్కల మందును స్వంతముగా వారములకొలది వాడరాదు. వాడిన కొలదియు వాపు మరింత పెరుగును.

రెండు రంధ్రముల నడుమ నుండు ముక్కుదూలము వంగినచో మందుతో చక్కబడదు. ఊపిరి కష్టముగా నున్నచో శస్త్రచికిత్స చేయుదురు. మత్తు నిచ్చి, లోపలినుండియే కోసి, వంగిన మృదులాస్థిని ఎముకను సరిచేయుదురు. పైకి మచ్చ కానరాదు. పిమ్మట కొన్ని దినములు ముక్కు గట్టిగా చీదరాదు, బరువు లెత్తరాదు, తుమ్ము వచ్చిన నోరు తెరచి తుమ్మవలెను. బిందె లెవరు మోయుదురను చింతతోనే పెక్కండ్రు తల్లు లీ చికిత్సను వాయిదా వేయుచుందురు. ఇంటివా రా పది దినముల పని పంచుకొన్న చాలును. ఈ నగరమున 1923లో స్థాపింపబడిన కింగు జార్జి ఆసుపత్రి కలదు. చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు ప్రత్యేకముగా ప్రభుత్వ వైద్యశాలయు కలదు.

తల్లు లొకటి మరువరాదు. బిడ్డ పడి ముక్కునకు దెబ్బ తగిలి, అటుపిమ్మట రెండు రంధ్రములును మూసికొనిపోయినచో ఆనాడే వైద్యునికి చూపవలెను. దూలముచుట్టు నెత్తురు నిలిచిన మృదులాస్థి కొలది దినములలో నశించి, ముక్కు నడుమ క్రుంగిపోవును.

పోయిన ముక్కును తిరిగి కట్టు విద్య మన దేశమునకు క్రొత్త కాదు. ముక్కంత ఆకు కొలతగా నుంచి, చెంపనుండి చర్మము తీసి యతికి, లోపల రెండు గొట్టము లుంచు విధానము సుశ్రుత సంహితలో నున్నది. ఆంగ్లేయుల సేనలో ఎడ్లబండి తోలిన కవాస్జీ యనువాడు టిప్పు సుల్తాను సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకొనగా, పూనా ప్రాంతమున నొక దేశీయుడు నుదుటి చర్మముతో క్రొత్త ముక్కు కట్టెను. ఆ వృత్తాంతము 1794 అక్టోబరులో లండను పత్రికలో వెలువడెను. దానివలన ప్రేరితుడై కార్ప్యూ యను వైద్యుడు 1814లో లండనున నట్లే చేసెను. మల్లెతీగకు అంటు తొక్కినపుడు వేరు పట్టినదాక తల్లితీగనుండి కోయము గదా! అట్లే నుదుటి చర్మమును నెత్తురు పారుటకై యొక కాడతో నంటియుంచి, క్రొత్తచోట అతుకుకొన్న పిదప, సుమారు మూడు వారములకు, కోయుదురు. పుట్టకురుపు తొలగించుటవలన ముక్కులో చాల భాగము పోయినవారికి నేడును ఈ పద్ధతి యుపయోగపడుచున్నది.

ఇక పెండ్లిచూపుల మాట. దూలము సరిచేయుట ఊపిరి కొరకు. అంతమాత్రమున పైరూపు మారదు. రూపము మార్చు చికిత్స వేరు. అవసరమైన రెండును కలిపి చేయుదురు. వరునివారి మెప్పునకై పిల్లను కత్తికి ఒప్పగించుట న్యాయము కాదు. అది కావలెనో వద్దో యెదిగిన పిల్లయే, వైద్యుడు చెప్పిన కష్టసుఖములు విని, తేల్చుకొనవలెను. రాత్రులు నోటితో గాలి పీల్చుచు నిద్ర లేక తెల్లవారజామున లేచి పొయ్యి ముట్టించు కోడలికి మాత్రము చికిత్స చేయించుట ఇంటివారి విధి. ముక్కుపుడక బంగారమా రవ్వలా యని విచారించుటకు ముందు, దాని వెనుక ఊపిరి సరిగా నాడుచున్నదా యని విచారింతుము గాక.