తొట్టిలోని సంతకము

1975వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీని ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ పత్రికలో అబూ అబ్రహాము గారి వ్యంగ్యచిత్రమొకటి వెలువడినది. రాష్ట్రపతి స్నానపుతొట్టిలో నుండియే ఆర్డినెన్సుపై సంతకము చేసి, తలుపుసందున చాచిన చేతికి కాగితమందించుచున్నాడు. ఇంకను ఉన్నచో కొంత తడవు ఆగుమనుచున్నాడు. అది అత్యవసర పరిస్థితి కాలము. అయినను ఆ చిత్రము సెన్సారును దాటి వచ్చినది.

ఇది రాష్ట్రపతి పదవికి అవమానమని కొందరందురు. మేమొప్పుకొనము. అందు నగ్నమైనది మనుష్యుడు కాదు, విచారణ లేని శాసనము. తలుపు వెనుకనున్న ఆ చేతికి ముఖము లేదు, గమనింపుడు. సిగ్గుపడవలసినది ఆ సంతకమే గాని దానిని చూపిన గీత కాదు.

వాక్స్వాతంత్ర్యమునకు హద్దులు వలదా యందురా? వలయును. దేశభద్రత, ప్రజాశాంతి, నీతి, పరువునష్టము మున్నగు హద్దులను రాజ్యాంగము 19(2)వ అధికరణమున పేరుపేరున చెప్పినది. పాలకుల యప్రీతి ఆ పట్టికలో లేదు.

ఇది నాటి ఢిల్లీ మాట యని తలపకుడు. మా బలిఘట్టమునకు చేరువనున్న నర్సీపట్నము ప్రభుత్వాసుపత్రి మత్తువైద్యులు డాక్టరు సుధాకర్ గారు 2020 ఏప్రిలులో, కరోనా వేళ, వైద్యులకు మాస్కులు చాలవని బహిరంగముగా పలికిరి. పిమ్మట ప్రభుత్వము వారిని సస్పెండు చేసెను. నవ్వు నోర్వలేని పాలన మొరను మాత్రము ఓర్చునా?

సోదరీసోదరులారా, ఈ దురభ్యాసము మన యిండ్లలోనే మొలకెత్తుచున్నది. కూరలో ఉప్పు చాలలేదన్న బిడ్డను కొట్టినచో బిడ్డ నోరు మూతపడును. కూర మాత్రము చప్పగనే యుండును.