ఆప్టా, డి.ఎన్.ఎఫ్.ఆ?

మన సంఘం పాత సంచికలనూ, సభ్యుల చిరునామాల పుస్తకాన్నీ ఒక అద్దె సర్వరులో పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. లెక్కలు చూసేవాణ్ణి గనుక ఆ బాధ్యత నా నెత్తిన పడింది. బి.కాం. చదివినవాడికి లినక్స్‌తో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. కానీ అందులో ఉండేవి మన ఇళ్ల చిరునామాలు, ఫోను నంబర్లు. తాళం ఎవరి చేతిలో ఉందో చూడడం నాకు ఉద్యోగంలో అలవాటైన పనే.

సర్వరులో బొమ్మలూ మౌసూ ఉండవు, నల్ల తెర మీద ఆజ్ఞలు టైపు చేయాలి. కావలసిన సాఫ్ట్‌వేరునూ, దానికి అవసరమైన తోడు సరుకునూ తెచ్చి, పాతబడ్డవాటిని మార్చే గుమాస్తాయే ప్యాకేజ్ మేనేజర్. డెబియన్, ఉబుంటులలో అతని పేరు ఆప్ట్. రెడ్ హ్యాట్ వంశపు ఆల్మాలినక్స్, రాకీ లినక్స్‌లలో డి.ఎన్.ఎఫ్. గుమాస్తా నచ్చాడని పక్క కొట్టు సరుకు తెప్పించలేం. అంటే మనం ఎంచుకునేది కొట్టునే.

"రెండూ ఒకటే బాబాయి గారూ, ఏదైనా ఫరవాలేదు" అన్నాడు మాకు సాయం చేస్తున్న కుర్రవాడు. నాకు ఒకటిగా తోచలేదు.

డి.ఎన్.ఎఫ్. చిట్టా నాకు బాగా నచ్చింది. 'హిస్టరీ' అంటే ఏ రోజు ఏ మార్పు జరిగిందో వరుస నంబర్లతో చూపుతుంది. 'అండూ' అంటే ఆ పద్దును వెనక్కి తిప్పజూస్తుంది. డెబియన్ 12లోని ఆప్ట్‌కు ఆ వసతి లేదు, లాగు ఫైలు చదువుకోవలసిందే. అయితే మేం తీసుకోబోయేది చిన్న సర్వరు. డి.ఎన్.ఎఫ్. మెమరీ ఎక్కువ అడుగుతుంది.

గడువు సంగతీ ఉంది. 2029 దాకా నడుస్తుందనుకున్న సెంటాస్ 8ను 2021 డిసెంబరు 31తో ముగిస్తామని 2020 డిసెంబరులో ప్రకటించారు. ఫిక్స్‌డ్ డిపాజిట్టును బ్యాంకే మధ్యలో మూసేసినట్లు! ఆల్మా, రాకీలు పుట్టింది ఆ తర్వాతే.

గుమాస్తాలిద్దరూ సంతకాలు సరిచూసేవారే. ఆప్ట్ సరుకు జాబితా మీది సంతకం చూస్తుంది, డి.ఎన్.ఎఫ్. మామూలుగా ఒక్కొక్క మూట మీదా చూస్తుంది. కానీ సంతకం సరిపోయినంత మాత్రాన చెక్కు మంచిదైపోదని క్యాషియర్లకు తెలుసు. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం అలాంటిదే. ఏళ్లతరబడి నమ్మకం సంపాదించిన ఒక నిర్వాహకుడు 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు పెట్టాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి దొరికింది. అప్పటికి ఆ సరుకు డెబియన్ పరీక్షల శాఖలోకి వచ్చింది గానీ స్టేబుల్ శాఖలోకి రాలేదు. కొత్తదాని కోసం ఎగబడనివాళ్లు బతికిపోయారు.

అందుకే డెబియన్ స్టేబుల్, ఆప్ట్ అని రాసిచ్చాను. భద్రతా మార్పులు వాటంతటవే పడేలా పెట్టాలనీ, బయటి కొట్ల సరుకు ముట్టకూడదనీ షరతులు చేర్చాను. కార్యవర్గం ఒప్పుకుంది.

మూడో షరతు దగ్గర మాత్రం ఆగిపోయాం. లాకరుకు రెండు తాళంచెవులున్నట్లు, సర్వరు తెలిసినవాళ్లు ఇద్దరుండాలన్నాను. ఆ కుర్రవాడికి రేపు వేరే ఊరిలో ఉద్యోగం వస్తే? మీ ఇంట్లో నల్ల తెరకు బెదరని పిల్లలుంటే కార్యదర్శి గారికి కబురు చేయండి. అమ్మాయిలైనా సరే, అబ్బాయిలైనా సరే.