కుక్కర్ కూత వేయకపోతే..!

పప్పు పొయ్యి మీద పెట్టి పావుగంట దాటింది. ఈపాటికి నాలుగు కూతలు వేయాల్సిన కుక్కర్ ఉలకదు, పలకదు. ఇలాంటప్పుడు చాలామంది మంట ఇంకాస్త పెంచుతారు. ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడం అంటే అదే.

మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. కుక్కర్లో ఒత్తిడి వల్ల వేడి సుమారు 120 డిగ్రీల దాకా వెళ్తుంది. పప్పు త్వరగా ఉడికేది అందుకే. ఎక్కువైన ఆవిరి బయటికి పోవడానికి మూత మీదున్న సన్నని గొట్టమే దారి. అందులో పప్పుబద్దో, మెతుకో అడ్డుపడితే ఆవిరి లోపలే ఉండిపోతుంది. ఇక ఆదుకోవాల్సింది సేఫ్టీవాల్వే.

గ్యాస్కెట్ వదులైనా కూత రాదు. అప్పుడు మూత అంచుల్లోంచి ఆవిరి పోతూ కనిపిస్తుంది. ఎటునుంచీ ఆవిరి రావట్లేదంటే మాత్రం వెంటనే స్టవ్ కట్టేయాలి. వెయిట్ ఎత్తి చూసి, ఆవిరి రాలేదు కదాని మూత తీయబోవడం మరీ ప్రమాదం. గొట్టం మూసుకుపోతే లోపల ఒత్తిడి ఉన్నా బయటికి తెలియదు. కుక్కర్ పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోకుండా వదిలేయడమే క్షేమం.

ఇవి మరవొద్దు

* వాడే ముందు ప్రతిసారీ గొట్టాన్ని వెలుతురుకేసి పట్టి చూడాలి. అవతలి వెలుగు కనిపించకపోతే పిన్నుతో శుభ్రం చేసి, నీళ్లు పోసి కడగాలి.

* వెయిట్ విడిగా పెట్టే రకమైతే, గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చాకే పెట్టాలి. దారి తెరిచే ఉందని అప్పుడు తెలుస్తుంది.

* కుక్కర్‌ని మూడింట రెండొంతులకు మించి నింపకూడదు. పొంగే పప్పు, బియ్యమైతే నీళ్లతో కలిపి సగానికి మించొద్దు. పప్పులో కాస్త నూనె వేస్తే నురుగు తగ్గుతుంది.

* గ్యాస్కెట్‌ని రోజూ విడిగా తీసి కడిగి, ఆరబెట్టాలి. గట్టిపడినా, పగుళ్లిచ్చినా మార్చేయాలి.

* సేఫ్టీవాల్వ్ ఒకసారి పేలితే పనికిరాదు. ఆ కంపెనీదే, ఆ మోడల్‌కి సరిపోయేదే కొత్తది వేయించాలి. ముందుగా అది ఎందుకు పోయిందో, గొట్టం పూడిందేమో చూడాలి. ఆ కన్నాన్ని ఇంకేదో పెట్టి మూసి వాడటం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు.

* ఇళ్లలో వాడే కుక్కర్లకు మనదేశంలో 2021 ఫిబ్రవరి నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. దుకాణంలో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా ఆ గుర్తు చూశాకే డబ్బు చెల్లించండి.