చట్టంలో కుర్చీ, సభలో ఖాళీ

అధికార వికేంద్రీకరణ గురించి జరిగే చర్చల్లో తరచు ఉదాహరణగా చెప్పే దేశాల్లో ఫిలిప్పీన్స్ ఒకటి. 1991లో ఆ దేశం తెచ్చుకున్న స్థానిక ప్రభుత్వ చట్టానికి ప్రధాన రచయిత సెనేటర్ అక్విలినో పిమెంటెల్. ఆయన 2019లో మరణించారు. ఆ చట్టానికి తండ్రి అనే పేరు ఆయనకు స్థిరపడిపోయింది. తండ్రి ఉన్నాడు సరే, ఆ చట్టంలో ఆడపిల్లకు రాసిన వాటా ఏమైంది? స్త్రీల సంఘాలు అడగాల్సిన ప్రశ్న ఇదే.

పిమెంటెల్ కృషిని తక్కువ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మార్కోస్ నియంతృత్వాన్ని ఎదిరించి జైలుకు వెళ్ళిన మనిషి ఆయన. కగయాన్ డి ఓరో నగరానికి మేయర్‌గా పని చేశారు. 1986లో మార్కోస్ కూలిపోయాక అక్వినో ప్రభుత్వంలో స్థానిక ప్రభుత్వ శాఖ మంత్రి అయ్యారు. 1987లో సెనేట్‌కు ఎన్నికయ్యారు. ఏడు వేలకు పైగా దీవులున్న దేశాన్ని మనీలాలో కూర్చుని ఏలడం తగదనీ, అధికారమూ డబ్బూ కిందికి దిగాలనీ ఆయన వాదించారు. ఆ వాదనలో బలముంది. ఆ చట్టం ఆరోగ్యం, వ్యవసాయ విస్తరణ, సాంఘిక సంక్షేమం వంటి బాధ్యతలను స్థానిక ప్రభుత్వాలకు అప్పగించింది. జాతీయ రెవెన్యూ రాబడిలో వాటి భాగాన్ని మూడో ఏటికి 40 శాతం చేసింది.

అదే చట్టంలో 41వ సెక్షన్ ఉంది. మున్సిపాలిటీ, నగరం, ప్రావిన్స్ సభలన్నిటిలోనూ స్త్రీల ప్రతినిధి ఒకరు, కార్మికుల ప్రతినిధి ఒకరు ఉండాలి. పట్టణ పేదలు, ఆదివాసులు, వికలాంగులు వంటి వర్గాల నుంచి మరొకరుండాలి. చదివితే ముచ్చటేస్తుంది. కానీ దానికొక తోక ఉంది: ఈ ఎన్నిక 'చట్టం నిర్దేశించే విధంగా' జరగాలి. 1987 రాజ్యాంగం 10వ అధికరణంలోనూ ఇలాంటి తోకే. రాజ్యాంగం చట్టాన్ని చూపించింది. చట్టం మరో చట్టాన్ని చూపించింది. ఆ మరో చట్టం రాలేదు. మూడు దశాబ్దాలు దాటినా స్త్రీల ప్రతినిధులకు దేశవ్యాప్తంగా ఎన్నిక జరగలేదు. పిమెంటెల్ 1998 నుంచి 2010 వరకు మళ్ళీ సెనేట్‌లో ఉన్నారు, కొంతకాలం అధ్యక్షత కూడా వహించారు. 2008లో దేశాన్ని 11 రాష్ట్రాల సమాఖ్యగా మార్చాలని ప్రతిపాదించారు. దేశం మొత్తాన్ని కొత్తగా కట్టడానికి ఊహ ఉన్న సభకు, 1991లో రాసిన ఒక్క కుర్చీ వేయడానికి తీరిక లేకపోయింది.

ఖర్చు ఎక్కువంటారు, విధివిధానాలు కష్టమంటారు. అవి నిజమైన కారణాలేనా? జాతీయ ప్రతినిధుల సభలో పార్టీ లిస్టు స్థానాలకు కూడా రాజ్యాంగం చట్టాన్నే చూపించింది. ఆ చట్టం 1995లో వచ్చింది, 1998లో ఎన్నిక జరిగింది. యువజన మండలి అధ్యక్షులకు స్థానిక సభల్లో స్థానం దక్కింది. ఆదివాసుల హక్కుల చట్టం 1997లో వచ్చాక, తమ ఆచారాల ప్రకారం తామే ఎన్నుకున్న ప్రతినిధులను ఆదివాసులు చాలా చోట్ల సభలకు పంపగలిగారు. అంటే దారి లేక కాదు, నడవాలన్న మనసు లేక.

ఈ ఖాళీ కుర్చీకి మూల్యం ఎవరు చెల్లించారు? 2000 ఫిబ్రవరిలో మనీలా మేయర్ ఒక ఉత్తర్వు ఇచ్చారు. కుటుంబ నియంత్రణలో సహజ పద్ధతులనే ప్రోత్సహించాలి, కృత్రిమ పద్ధతులను నిరుత్సాహపరచాలి. నిషేధమన్న మాట అందులో లేదు. కానీ నగర ఆరోగ్య కేంద్రాల్లో మాత్రలు, నిరోధ్‌లు, లూప్‌లు దొరకకుండా పోయాయి. డబ్బున్నవాళ్ళు మందుల షాపులో కొనుక్కున్నారు, లేనివాళ్ళు మళ్ళీ కడుపులు మోశారు. 2008లో ఇరవై మంది పేదలు కోర్టుకెక్కితే సాంకేతిక కారణాలతో కేసు కొట్టేశారు. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలనకు ఏర్పడిన ఐక్యరాజ్యసమితి కమిటీ విచారణ జరిపి, ఇది తీవ్రమైన, వ్యవస్థీకృతమైన హక్కుల ఉల్లంఘన అని 2015లో వెల్లడించింది. అధికారం స్థానిక ప్రభుత్వానిదని చెప్పి కేంద్ర ప్రభుత్వం చేతులు కడుక్కోవడం కుదరదని కూడా చెప్పింది.

స్త్రీల ప్రతినిధి ఉండి ఉంటే ఆ ఉత్తర్వు ఆగిపోయేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మామూలు స్థానాల్లో గెలిచే స్త్రీలు లేరా అని కూడా అడుగుతారు. ఉన్నారు. వారిలో చాలామంది జవాబు చెప్పుకోవలసింది పార్టీకి, రాజకీయ కుటుంబానికి. స్త్రీల సంఘాలకు జవాబుదారీగా ఉండి, సభలో లేచి నిలబడి అడిగే ఒక మనిషి ఉండాలని చట్టమే చెప్పింది. ఆ మనిషిని రానివ్వకుండా, స్త్రీల శరీరాల మీద అధికారాన్ని మాత్రం కిందికి దించితే, పెత్తందారు చేతికి మరో కర్ర ఇచ్చినట్టే. రాజధాని పితృస్వామ్యం పోయి ఊరి పితృస్వామ్యం వస్తే దాన్ని ప్రజాస్వామ్యం అనలేం.

ఇక మన సంగతి. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ పంచాయతీల్లో స్త్రీలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు ఇచ్చింది. రాష్ట్రాలు పాత చట్టాలు మార్చుకోవడానికి ఏడాది గడువు పెట్టింది. 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది, 1995లో ఎన్నికలు జరిగాయి. సంతకం ఆమెది, పెత్తనం భర్తది అయిన ఊళ్ళు మనందరికీ తెలుసు. అయినా కుర్చీలో ఒక స్త్రీ ఉంది. ఆమెకు చదువు నేర్పగలిగాం, తోడు నిలవగలిగాం, ఆమెతో పోట్లాడగలిగాం. ఖాళీ కుర్చీతో ఏ ఉద్యమమూ పని చేయలేదు.

2023లో పార్లమెంటు ఆమోదించిన 106వ సవరణ దీనికి భిన్నమైనది. లోక్‌సభలో, శాసనసభల్లో స్త్రీలకు మూడో వంతు ఇస్తూనే, జనాభా లెక్కలు, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలని మెలిక పెట్టారు. రాజ్యసభలో అనుకూలంగా 214 ఓట్లు, వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికలు ఆ కోటా లేకుండానే జరిగాయి. 543 మందిలో గెలిచిన స్త్రీలు 74 మంది. ఒక్కరూ కాదనని హక్కును మనం మరింత అనుమానంగా చూడాలి. ఎవరికీ ఏమీ నష్టం లేదు గనకే అందరూ చేతులెత్తి ఉంటారు.

స్త్రీల హక్కుకు ముందు షరతు పెట్టడం కొత్తేమీ కాదు. ఫిలిప్పీన్స్ స్త్రీలకు ఓటు కావాలంటే మూడు లక్షల మంది స్త్రీలు 'కావాలి' అని ఓటు వేసి చూపాలని 1935 రాజ్యాంగం అడిగింది. ఏ మగవాడినీ అలా అడగలేదు. 1937లో నాలుగు లక్షల నలభై ఏడు వేలకు పైగా స్త్రీలు వేసి చూపించారు.

కాబట్టి చట్టం పేరు చూసి, దాని తండ్రి పేరు చూసి మురిసిపోవడం మానుకుందాం. ఏ బిల్లు చేతికొచ్చినా మూడు ప్రశ్నలు వేద్దాం: ఈ పని ఎవరు చేయాలి? ఏ తేదీలోగా చేయాలి? చేయకపోతే ఏమవుతుంది? ఈ మూడింటికీ బిల్లులోనే జవాబు లేకపోతే అది మనకిచ్చిన హక్కు కాదు, మనల్ని కూర్చోబెట్టిన వరండా. సభ లోపల జరుగుతోంది.